పాత కారుకు ఎంత చిక్కటి ఆయిల్?



పాత కారులో ఏ ఇంజన్ ఆయిల్ పోయాలి? ఇవాళ ఈ ఒక్క ప్రశ్న చూద్దాం.

పాత కార్లంటే అద్దాల గదిలో పెట్టి చూపించేవి కావు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన పొద్దున కాసేపు నిలబడండి, అవే కనబడతాయి. యాచారం వైపు నుంచి కూరగాయల మూటలు వేసుకుని వచ్చే మారుతి ఓమ్నీ. శేరిగూడ, మంగల్‌పల్లి కాలేజీల దగ్గర ఆగే పాత ఆల్టో, సాంట్రో. పెళ్లిళ్ల సీజన్లో తీరిక లేకుండా తిరిగే క్వాలిస్, సుమో. మారుతి 800లు కూడా ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మొదటి మారుతి 800 కొన్నాయన చేతికి వచ్చింది 1983 డిసెంబరు 14న. తయారీ ఆగిపోయింది 2014 జనవరిలో. అంటే వాటిలో అన్నిటికంటే చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. క్వాలిస్ 2000లో వచ్చి 2005లో వెళ్లిపోయింది. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని, మళ్లీ ఐదేళ్లకు భరోసాగా నడుపుకుంటున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

ఈ బండ్లు సర్వీసుకు వెళ్లినప్పుడు షెడ్డులో వినబడే మాట ఒకటుంది. "సార్, బండి పాతదైంది గదా, జర చిక్కటి ఆయిల్ పోస్తా." మనం తలూపుతాం. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఎవరి బండికి వర్తిస్తుంది, ఎవరి బండికి వర్తించదు? అది తేల్చుకుంటే చాలు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్న అంకెతో మొదలుపెట్టండి. బండి నిజంగా ఆయిల్ తాగుతుంటేనే ఒక్క మెట్టు చిక్కదనం పెంచండి. వయసు చూసి పెంచకండి, తాగుడు చూసి పెంచండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఆయిల్ డబ్బా చేతిలోకి తీసుకోండి. దాని మీద 20 డబ్ల్యూ 50 అనో, 20 డబ్ల్యూ 40 అనో, 15 డబ్ల్యూ 40 అనో, 5 డబ్ల్యూ 30 అనో ఉంటుంది. ఇది కంపెనీ పెట్టుకున్న పేరు కాదు. ఎస్‌ఏఈ అని అమెరికాలో 1905లో మొదలైన ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఉంది. ఆయిల్ చిక్కదనానికి ఆ సంఘం 1911లోనే కొలతలు పెట్టింది. మధ్యలో ఎన్నో మార్పులు జరిగినా, మన డబ్బా మీదున్నవి ఆ సంఘం అంకెలే. ఎవరి డబ్బా కొన్నా ఆ అంకెకు అర్థం ఒకటే. అందుకే ఈ ప్రసంగంలో ఆయిల్ కంపెనీల పేర్లు చెప్పను. ఆ అవసరం కూడా రాదు.

అంకెలు రెండున్నాయి గదా. డబ్ల్యూకు ముందున్నది చల్లగా ఉన్నప్పటి సంగతి. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. డబ్ల్యూ తర్వాత ఉన్నది ఇంజన్ బాగా వేడెక్కినప్పటి సంగతి. దాన్ని వంద డిగ్రీల వేడిలో కొలుస్తారు. ముందుది చలికి, తర్వాతది వేడికి. ఇంతే.

అరిసెలకు పాకం పట్టినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పొయ్యి మీద ఉన్నప్పుడు పాకం గరిటె మీంచి ధారగా జారుతుంది. దించి పక్కన పెడితే చల్లారినకొద్దీ బిగుసుకుంటుంది. బెల్లం అదే, నీళ్లు అవే, మారింది వేడి ఒక్కటే. ఇంజన్ ఆయిల్‌ది కూడా అదే స్వభావం. కానీ ఇంజన్ అడిగేది వేరు. పొద్దున తాళం తిప్పగానే ఆయిల్ బిగుసుకోకుండా పైదాకా పరుగెత్తాలి. మధ్యాహ్నం ఎండలో మాల్ ఊరిదాకా వెళ్లొచ్చినా నీళ్లలా కాకుండా పొరలా నిలవాలి. పాకానికి లేని ఈ గుణం కోసమే ఆయిల్‌లో రకరకాల మందులు కలుపుతారు. అది ఎంతవరకు సాధించారో ఆ రెండు అంకెలు చెప్తాయి.

మొదటి అంకె మీద మన ఇళ్లలో ఒక చిన్న తగువు నడుస్తుంటుంది. కొడుకో కూతురో టొరంటోలో ఉంటారు. "నాన్నా, ఇక్కడ మా కార్లో 0 డబ్ల్యూ 20 పోస్తారు, మీరింకా 20 డబ్ల్యూ 50 ఏంటి" అని ఫోన్లో అంటారు. అక్కడ ఆ మాట సరైనదే. టొరంటోలో చలి బాగా ముదిరితే మైనస్ ఇరవై దాకా పోతుంది. 20 డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజన్ తిరుగుతుందా లేదా అని పరీక్షించేదే మైనస్ 15 దగ్గర. 5 డబ్ల్యూ ఆయిల్‌నైతే మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. మరి మన దగ్గరో? జనవరి తెల్లవారుజామున ఎంత వణికినా పది డిగ్రీల చుట్టుపక్కలే. మే నెలలో నలభై రెండు, నలభై మూడు. మనల్ని సతాయించేది వేడే కానీ చలి కాదు. మొదటి అంకె చిన్నదైతే మంచిదే, పొద్దున ఆయిల్ తొందరగా పైకి చేరుతుంది. అయితే దానికోసం రెట్టింపు ధర పెట్టేంత చలి ఇబ్రహీంపట్నంలో లేదు. ఇంకో సంగతి. 0 డబ్ల్యూ 20 లాంటి పల్చటి ఆయిల్ దానికోసమే కట్టిన కొత్త ఇంజన్లకు. ఇరవై ఏళ్ల సుమోకు అది పనికిరాదు.

కాబట్టి మనం చూడాల్సింది రెండో అంకె. మళ్లీ చెప్తున్నాను, డబ్ల్యూ తర్వాత ఉన్న అంకె.

ఇప్పుడు ఆ చిక్కటి ఆయిల్ మాటకు వద్దాం. అది ఊరికే పుట్టలేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తిరిగిన రోజుల్లో ఉత్త 40 అని ఒకే అంకె రాసున్న ఆయిల్ కూడా మామూలుగా అమ్మేవాళ్లు. ఆ ఇంజన్ల భాగాల మధ్య సందులూ ఎక్కువే. ఇంజన్ అరిగినకొద్దీ చిక్కదనం పెంచుతూ పోవడం ఆనాటి మెకానిక్‌లు చేత్తో నేర్చుకున్న విద్య. ఆ ఇంజన్లకు అది బాగానే నడిచింది. వాళ్ల దగ్గర స్పానర్లు అందించిన పిల్లలు తర్వాత సొంత షెడ్లు పెట్టుకున్నారు, గురువు మాటను వెంట తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. కానీ వాళ్ల ముందుకు వచ్చే బండి ఇప్పుడు అంబాసిడర్ కాదు.

అందులో నిజం ఎంత? ఇంజన్ లోపల ఇనుము ఇనుమును నేరుగా తాకకూడదు. మధ్యలో ఆయిల్ పొర ఉండాలి. బేరింగులు, పిస్టన్ రింగులు అరిగితే ఆ మధ్య సందు పెరుగుతుంది. పెరిగిన సందులోంచి పల్చటి ఆయిల్ తొందరగా జారిపోతుంది. రింగుల పక్కనుంచి పైకెక్కి పెట్రోలుతోపాటు కాలిపోతుంది. కొంచెం చిక్కటిదైతే అక్కడ నిలబడుతుంది, తక్కువ కాలుతుంది. ఆయిల్ ప్రెషర్ కూడా కాస్త పెరుగుతుంది. ఇదంతా నిజమే.

మిగతా సగం ఎవరూ చెప్పరు. రెండో అంకె ఒక్క మెట్టు ఎక్కితే, అంటే 30 నుంచి 40కి, లేదా 40 నుంచి 50కి వెళ్తే, వేడి మీద ఆయిల్ చిక్కదనం సుమారు మూడో వంతు పెరుగుతుంది. ఒకేసారి 30 నుంచి 50కి దూకితే దాదాపు ముప్పావు వంతు పెరుగుతుంది. అంత చిక్కటిదాన్ని పంపు తోయాలి, ఇంజన్ దాన్ని చీల్చుకుంటూ తిరగాలి. మైలేజీ తగ్గుతుంది. పికప్ బరువెక్కుతుంది. పొద్దున స్టార్ట్ చేశాక పైనున్న కామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువ జరిగేది ఆ మొదటి క్షణాల్లోనే. రింగులు బాగున్న ఇంజన్లో చిక్కటి ఆయిల్ పోస్తే మనకు వచ్చే లాభం ఏమీ లేదు. ఈ నష్టాలు మాత్రం అన్నీ వస్తాయి.

ఇక్కడ ఒక పక్కమాట. చిక్కటి ఆయిల్ ఇంజన్ చప్పుడును, పొగను కొన్నాళ్లు అణిచిపెడుతుంది. సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్లలో కొందరికి ఈ కిటుకు బాగా తెలుసు. కొనేముందు డిప్ స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి చూడండి. ఆయిల్ కొత్తగా, మామూలుకంటే చిక్కగా అనిపిస్తే, ఎప్పుడు మార్చారు, ఏ నంబరు పోశారు అని అడగండి. ఆయిల్ మూత తీసి ఇంజన్ నడుస్తుండగా చూడండి. అక్కడి నుంచి గుప్పుగుప్పున పొగ వస్తుంటే రింగులు పోయినట్టే అనుకోవచ్చు.

సరే, పుస్తకంలో ఉన్న అంకె అన్నాను. మూడో చేతికి వచ్చిన బండికి పుస్తకం ఎక్కడిది అంటారా? ముందు డ్యాష్‌బోర్డు అరలో అడుగుదాకా వెతకండి. కొన్ని బండ్లకు ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత మీదే నంబరు ఉంటుంది. అదీ లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్లో మోడల్, సంవత్సరం చెప్తే నంబరు చెప్తారు. పాత పుస్తకాల్లో తరచుగా ఒకే అంకె ఉండదు. ఏ వేడికి ఏ ఆయిల్ పోయవచ్చో గీతలు గీసి ఉంటుంది. వాటిలో నలభై డిగ్రీల వేడి దాకా వెళ్లే గీత మనది. అందులో రెండు మూడు రకాలుంటే మీకు రెండు మూడు దారులు ఉన్నట్టే.

అంకె తెలిసింది. ఇక బండి ఆయిల్ తాగుతోందో లేదో తెలియాలి. దీనికి మెకానిక్ అక్కర్లేదు, మీరే చూడవచ్చు. బండిని చదునైన చోట ఆపండి. ఇంజన్ కట్టేసి ఓ పది నిమిషాలు ఆగండి. ఆయిలంతా కిందికి దిగుతుంది. డిప్ స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. రెండు గీతలుంటాయి. పై గీతకు సరిగ్గా ఆయిల్ నింపి, మీటర్లో కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే చూడండి. చాలా కార్లలో పై గీతకు, కింది గీతకు మధ్య ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది. దాన్నిబట్టి ఎంత తాగిందో లెక్క తెలుస్తుంది.

నా లెక్క ఇలా ఉంటుంది. గీత పెద్దగా కదల్లేదా, బండికి పాతికేళ్లున్నా సరే, పుస్తకంలో అంకె మార్చకండి. సగం లీటరు దాకా దిగిందా, ఒక్క మెట్టు ఎక్కండి. 30 ఉంటే 40, 40 ఉంటే 50. రెండు మెట్లు వద్దు. లీటరుకు లీటరు మాయమైందా, ఇక అది ఆయిల్‌తో తీరే జబ్బు కాదు. ముందు కింద ఎక్కడైనా కారుతోందేమో చూడండి. కారకపోతే ఇంజన్ పని చేయించాల్సిందే. ఎంత చిక్కటిది పోసినా అరిగిన రింగు తిరిగి పెరగదు.

పొగ కూడా కొంత చెప్తుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వదిలి, తర్వాత మామూలైతే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. రబ్బరు సీళ్లు ముదిరి గట్టిపడితే రాత్రి బొట్టుబొట్టుగా ఆయిల్ దిగుతుంది. ఆ సీళ్లు మార్చడం మొత్తం ఇంజన్ విప్పడం కంటే చాలా చిన్న పని. అలా కాకుండా, బొంగులూరు గేటు దగ్గర ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వెనక నీలం పొగ లేస్తుంటే రింగుల మీద అనుమానం. ఇక డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా కనబడితే బండి కదిలించకండి. నీళ్లు కలిసినట్టే. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు.

అంకెల తర్వాత రెండు అక్షరాలు చూడాలి. ఏపీఐ అని రాసి, పక్కన ఎస్‌తో మొదలయ్యే అక్షరాలో, సీతో మొదలయ్యే అక్షరాలో ఉంటాయి. ఎస్ అంటే పెట్రోలు బండి, సీ అంటే డీజిల్ బండి అని గుర్తుపెట్టుకోండి. ఎస్ పక్కన ఉన్న అక్షరం అక్షరమాలలో ఎంత ముందుకు పోతే అంత కొత్తది. ఎస్‌ఎల్ 2001లో వచ్చింది, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో. పాత పెట్రోలు కారులో కొత్త అక్షరం పోయవచ్చు, చిక్కదనం అంకె సరిపోతే చాలు. కానీ ఎస్‌ఎఫ్ లాంటి వెనకటి అక్షరం చవగ్గా వస్తోందని కొనకండి. అది 1988 దాకా కట్టిన ఇంజన్లకు ఉద్దేశించింది. మీ ఆల్టో ఎంత పాతదైనా అంత పాతది కాదు.

డీజిల్ బండ్లకు ఈ అక్షరాలు ఇంకా ముఖ్యం. డీజిల్ మండితే మసి ఎక్కువ. ఆ మసి ఒకచోట ముద్దకట్టకుండా ఆయిల్ దాన్ని తనలో కలిపి మోయాలి. అందుకే డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన నాలుగు రోజులకే నల్లబడుతుంది. "ఆయిల్ మోసం చేశారు" అని కంగారు పడకండి. అది తన పని చేస్తోంది. క్వాలిస్, సుమో, ఇండికా లాంటి పాత డీజిళ్లకు 15 డబ్ల్యూ 40లో సీహెచ్ 4, సీఐ 4 అని ఉన్నవి మామూలుగా నడుస్తాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్ల సంగతి వేరు. వాటి సైలెన్సర్ దారిలో మసి ఫిల్టర్ ఉంటుంది, వాటికి బూడిద తక్కువ వచ్చే ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. ఇంట్లో పాత బండి, కొత్త బండి రెండూ ఉంటే ఒకే డబ్బా రెండిటికీ పోయకండి.

మన వైపు వ్యవసాయం ఉన్న ఇళ్లలో ఇంకో అలవాటుంది. ట్రాక్టర్ కోసం తెచ్చిన క్యాన్లో రెండు లీటర్లు మిగిలిందని కార్లో వంచేస్తారు. అది ఇంజన్ ఆయిలా, గేరుబాక్సు, హైడ్రాలిక్ పనికి వాడేదా? ముందు అది చదవండి. హైడ్రాలిక్ ఆయిల్ ఇంజన్లో పడితే ఇంజన్ గతి చెప్పక్కర్లేదు. బైకు ఆయిల్ కూడా అంతే. దాని మీద 20 డబ్ల్యూ 40 అనే ఉంటుంది, చిక్కదనం సరిపోతుంది. కానీ బైకులో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది. క్లచ్ జారకుండా దాన్ని వేరే తీరుగా తయారుచేస్తారు. దారిలో ఆపద వస్తే అర లీటరు పోసి ఇంటికి రండి, తప్పులేదు. అలవాటు మాత్రం చేసుకోకండి.

సింథటిక్ ఆయిల్ పోయవచ్చా అని చాలామంది అడుగుతారు. పోయవచ్చు. పాత బండికి సింథటిక్ పోస్తే కారుతుందనే భయం ఒకటి ఉంది. అది ఆయిల్ కొత్తగా పెట్టిన చిల్లు కాదు. ముదిరిన సీలును ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మూసి ఉంచింది. కొత్త ఆయిల్ ఆ జిడ్డు కడిగితే పాత చిల్లు బయటపడుతుంది. నా అభిప్రాయం అడిగితే, ఆయిల్ తాగే బండిలో ఖరీదైన సింథటిక్ పోయడం డబ్బు కాల్చడమే. తాగని బండిలో పోయండి, ఫలితం ఉంటుంది. ఇదే మాట ఇంజన్ ఫ్లష్ గురించి కూడా. జిడ్డు పట్టిన పాత ఇంజన్లో ఫ్లష్ పోస్తే పెళ్లలు ఊడి కింద జాలీకి అడ్డం పడొచ్చు. పంపుకు ఆయిల్ అందదు. దానికంటే మామూలు ఆయిల్‌నే ఒకటి రెండు సార్లు తొందరగా మార్చడం మేలు. నెమ్మదిగా శుభ్రమవుతుంది.

ఎప్పుడు మార్చాలి? కిలోమీటర్లు ఒక్కటే చూడకండి. ఇంటి నుంచి బస్టాండు దాకా, బస్టాండు నుంచి ఇంటికి తిరిగే బండి ఇంజన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, మండని పెట్రోలు ఆవిరైపోవు, ఆయిల్‌లోనే కలిసిపోతాయి. అలాంటి బండి ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగినా ఏడాదికోసారి మార్చాల్సిందే. మామూలు ఆయిల్‌తో రోజూ తిరిగే పాత బండికి ఐదు వేల కిలోమీటర్లు మంచి హద్దు. ఆయిల్‌తోపాటు ఫిల్టరు కూడా మార్పించండి. ఇంకో జాగ్రత్త, పై గీత దాటి పోయనివ్వకండి. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని గిలక్కొట్టి నురగ చేస్తుంది. నురగతో ఏ భాగానికీ రక్షణ ఉండదు.

కొనేటప్పుడు లూజ్ ఆయిల్ వద్దు. వాడిన ఆయిల్‌ను వడకట్టి, రంగు చేసి, పేరున్న కంపెనీ డబ్బాల్లో నింపి అమ్మేవాళ్లను పోలీసులు పట్టుకున్న వార్తలు అప్పుడప్పుడూ వింటూనే ఉన్నాం. సీలు మీ కళ్ల ముందే విప్పించండి. అంకె, అక్షరాలు మీరే చదవండి. ఏం పోశారో బిల్లు మీద రాయించుకోండి. వచ్చేసారి "ఏదో చిక్కటిది పోశాం సార్" అనే జవాబు రాకుండా ఉంటుంది.

ఇంట్లోనే ఆయిల్ మార్చుకునేవాళ్లు దించిన నల్ల ఆయిల్‌ను మోరీలో పోయకండి. అది ఏదో కాలువ పట్టి బావికో చెరువుకో చేరుతుంది. ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటి పెద్ద చెరువు మన పక్కనే ఉంది. వాడిన ఆయిల్‌ను చట్టం ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కవేస్తుంది. దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత ఆయిల్ తయారుచేసే కంపెనీలదేనని 2024 ఏప్రిల్ 1 నుంచి నిబంధన కూడా వచ్చింది. క్యాన్లో పట్టి షెడ్డులో ఇవ్వండి, వాళ్ల దగ్గర్నుంచి కొనుక్కుపోయేవాళ్లు ఉంటారు. ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాను మాత్రం షెడ్డులో అలాగే వదిలి రాకండి, అందులో నకిలీది నింపి అమ్మొచ్చు. స్క్రూడ్రైవరుతో అడుగున ఓ పోటు పొడిచి, చిల్లు పడిందో లేదో చూసుకుని, అప్పుడు పారేయండి.